అక్క కాగితాల గురించి, తీరిగ్గా

ఒరేయ్,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. చెల్లి పక్క గదిలోనే ఉంది, పిల్లాడు ఇంకా పడుకోలేదు. "ఏమేం కాగితాలు కావాలిరా, అక్కకి ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు" అన్నావు చూడు, అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. పోయినేడు ఇదే సమయానికి, మా చెల్లి విడాకులప్పుడు, మేమూ ఇలాగే ఉన్నాం. చెప్పేవాళ్లు లేక ఒక్కో కాగితానికి మూడేసి సార్లు తిరిగాం. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు, అక్కకి కూడా చదివి వినిపించు.

ముందు ఒక మాట. అక్క ఇంకా ఏదీ తేల్చుకోలేదన్నావు కదా, తేల్చుకోకపోయినా ఫర్వాలేదు, కాగితాలు మాత్రం ఇప్పుడే పోగు చెయ్యండి. కాగితాలు తీసినంత మాత్రాన విడాకులు అయిపోవు, రేపు ఇద్దరూ కలిసిపోతే అవన్నీ మళ్లీ బీరువాలో పెట్టుకోవచ్చు. కానీ మాటామాటా పెరిగాక ఆ ఇంట్లోంచి ఒక్క జిరాక్స్ కూడా బయటికి రాదు. మా చెల్లి హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఒక సూట్‌కేసు బట్టలు, పిల్లాడి పుస్తకాలు తెచ్చుకుంది, అంతే. టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్, పిల్లాడి జనన ధ్రువపత్రం, పాస్‌బుక్కులు, నగల బిల్లులు, అన్నీ అక్కడి బీరువా లాకర్లో ఉండిపోయాయి. వాటిని తెప్పించుకోవడానికి మా బాబాయి రెండుసార్లు వెళ్లి వాళ్ల నాన్నగారితో కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. అక్క ఇంకా బెంగళూరు వెళ్లి వస్తూనే ఉంది కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు తన పేరు మీద ఉన్నవి, పాపవి ఒరిజినల్స్ తెచ్చుకోమను, ఇద్దరివీ కలిసి ఉన్నవాటికి ఫొటోలు తీసుకోమను. ఆయన సొంతవి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు, ఆయన ఫోను, మెయిలు జోలికి అసలు పోవద్దను.

ఇక పెళ్లి రుజువు. నేను అన్నిటికంటే తేలిక అనుకున్నదీ, అన్నిటికంటే ఎక్కువ తిప్పిందీ ఇదే. చెల్లి పెళ్లి 2015లో తెనాలిలో అయింది, రిజిస్టర్ చేయించలేదు. వీసా అవసరం రాలేదు, ఎవరూ అడగలేదు, అలా ఉండిపోయింది. మన రాష్ట్రంలో పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చిందట, మనలో ఎంతమంది చేయించారు చెప్పు! ఇప్పుడైనా చేయిద్దామా అని నేనంటే చెల్లి నా వైపు చూసి, "విడిపోవడానికి ముందు వెళ్లి రిజిస్టర్ చేయించుకోమంటావా అన్నయ్యా" అంది. ఇంకా ఆ మాట ఎత్తలేదు. అదృష్టం ఏంటంటే, హిందూ వివాహ చట్టం ప్రకారం రిజిస్టర్ కాలేదని పెళ్లి చెల్లకుండా పోదు. సర్టిఫికెట్ లేకపోతే శుభలేఖ, పెళ్లి ఫొటోలు పెడదాం, పెళ్లి చూసినవాళ్లతో అఫిడవిట్ ఇప్పిద్దాం అన్నారు మా లాయరమ్మ.

శుభలేఖ! ఇంట్లో ఒక్కటి లేదురా. అయిదు వందలు వేయించాం, అన్నీ పంచేశాం. మన ఇంటి శుభలేఖ మన ఇంట్లో ఉండదని అప్పుడు తెలిసింది. రెండు రోజులు అటకంతా గాలించి, చివరికి గుంటూరులో మా పెద్దమ్మని అడిగితే ఆవిడ దేవుడి గది అలమరలో దాచిందని తేలింది. నాలుగు మూలలా పెట్టిన పసుపు ఎండిపోయి ఇటుక రంగుకి వచ్చింది, వినాయకుడి బొమ్మ మీద బంగారు రంగు కొంచెం రాలింది, కింద పిల్లల పేర్ల దగ్గర "మా అక్క పెళ్లికి తప్పక రండి" అని మా పిన్ని కూతురి పేరు. చెల్లి దాన్ని చేతిలోకి తీసుకుని తేదీ, ముహూర్తం చదివి నాకిచ్చేసింది. ఏమీ అనలేదు. దాంతోపాటు లగ్నపత్రిక కూడా దొరికింది, మంటపం రశీదు నాన్న ఫైల్లో ఉంది. అవన్నీ జిరాక్సులు తీయించాం.

తర్వాత పేర్ల గొడవ. ఇది అక్కకీ వస్తుంది, ముందే చూసుకోండి. టెన్త్ మెమోలో మా ఇంటిపేరు, ఆధార్‌లో వాళ్ల ఇంటిపేరు, పాన్‌లో ఇంటిపేరు చివర, బ్యాంకులో ఒక్క అక్షరమే. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషుల్లా ఉంది. పిటిషన్‌లో పాత పేరు, కొత్త పేరు రెండూ "అలియాస్" అని రాయించాం. అది ముందే చెప్పకపోతే తర్వాత డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వులో, ఒక పేరే పడి, పాస్‌పోర్టు దగ్గరో బ్యాంకు దగ్గరో మళ్లీ కష్టమవుతుందన్నారు. పిల్లాడిది ఇంకో కథ. వాడి జనన ధ్రువపత్రంలో పేరు ఉండాల్సిన గడి ఖాళీ! పుట్టినప్పుడు తీసుకున్నది, పేరు పెట్టాక మళ్లీ వెళ్లి రాయించలేదు. ఇన్నేళ్లూ ఎవరూ చూసుకోలేదు. పేరు చేర్చడానికి తల్లిదండ్రులిద్దరి ఆధార్ అడిగారు, అప్పటికే ఆయనతో మాటల్లేవు. నేనే ధైర్యం చేసి ఫోన్ చేశాను. "బావా, పిల్లాడి కోసం" అన్నాను. సాయంత్రానికల్లా పంపించాడు. కోపం ఎంత ఉన్నా ఆ ఒక్క విషయంలో ఆయన్ని నేను మర్చిపోను.

ఏ కోర్టులో వేయాలన్నది కూడా కాగితాలతో ముడిపడి ఉంది. పెళ్లి జరిగిన చోట వేయొచ్చు, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట వేయొచ్చు, అవతలి మనిషి ఉంటున్న చోట వేయొచ్చు. 2003లో చట్టం మార్చాక, భార్య పిటిషన్ వేస్తుంటే తను ఉంటున్న చోట కూడా వేయొచ్చు. అంటే అక్క రాజమండ్రిలో మీ ఇంటి నుంచే వేసుకోవచ్చు, బెంగళూరు తిరగక్కర్లేదు. కానీ అక్కడ ఉంటున్నట్టు కాగితం ఉండాలి కదా. చెల్లి ఆధార్‌లో హైదరాబాద్ అడ్రస్ ఉంటే నాన్న అంగీకారంతో విజయవాడకి మార్పించాం, కుటుంబ పెద్ద పేరు మీద మార్చుకునే పద్ధతి ఉంది. విడిగా ఎప్పట్నుంచి ఉంటున్నారన్నదానికి మాకు బాగా పనికొచ్చింది ఏంటో తెలుసా, పిల్లాడి టీసీ. అక్కడి స్కూల్లో ఎప్పుడు మానేశాడు, ఇక్కడ ఎప్పుడు చేరాడు, రెండు తేదీలూ స్కూలు ముద్రతో ఉన్నాయి. ఇద్దరూ ఒప్పుకుని వేసే పిటిషన్‌కి కనీసం ఏడాది విడిగా ఉండాలి, ఆ ఏడాది లెక్క టీసీతో తేలిపోయింది.

ఒప్పుకుని వేసేదాంట్లో మొదటిసారి కోర్టులో చెప్పాక ఆరు నెలలు ఆగాలి, తర్వాత రెండోసారి వెళ్లాలి. ఆ ఆరు నెలలు కచ్చితం కాదు, సందర్భాన్ని బట్టి కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, దానికి లాయరు విడిగా దరఖాస్తు వేస్తారు. కానీ ఒక విషయం నాకు నిద్ర పట్టనివ్వలేదు. డిక్రీ వచ్చేలోపు ఇద్దర్లో ఎవరైనా మనసు మార్చుకుని ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చు. అందుకే, అంతా సవ్యంగా ఉన్నా ఒంటరిగా కేసు నడపాల్సి వస్తే కావలసినవి కూడా సిద్ధంగా పెట్టుకోమన్నారు లాయరమ్మ. మీ బావ ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి అక్కకి ఇది ఇంకా ముఖ్యం. ఆస్పత్రి చీటీలు, ఎప్పుడైనా స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి ఉంటే దాని రశీదు, మెసేజీలు, ఏదీ పారేయొద్దు. మెసేజీలైతే స్క్రీన్‌షాట్లు తీసి ఊరుకోకండి. 2024 జూలై నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది, 63వ సెక్షన్ కింద, అవి ఏ ఫోన్లోంచి తీశామో చెప్పే సర్టిఫికెట్ జత చేయాలి, అందుకే ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు, పాపకి ఆడుకోవడానికి అసలు ఇవ్వొద్దు.

డబ్బు కాగితాల దగ్గర మన ఆడపిల్లలు మొహమాటపడతారు. "నాకేమీ వద్దు, వదిలేస్తే చాలు" అంటారు. మా చెల్లీ అదే అంది. నేను కోప్పడ్డాను, తర్వాత బాధపడ్డాను, కానీ ఆ మాట మీద మాత్రం వదల్లేదు. పిల్లాడి చదువు పదిహేనేళ్లు ఉంది. భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అఫిడవిట్‌గా ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు రజ్నేష్, నేహా కేసులో చెప్పింది. కాబట్టి అక్క జీతం స్లిప్పులు, ఫారం 16, మూడేళ్ల ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి పెట్టండి, పాప స్కూలు ఫీజు రశీదులు, మందుల బిల్లులు కూడా. ఇంటి లోన్ గురించి అక్కని తప్పకుండా అడుగు. మా చెల్లి ఫ్లాట్ లోన్‌లో కో అప్లికెంట్‌గా సంతకం పెట్టింది, ఆ సంగతే మర్చిపోయింది. "ఫ్లాట్ నేనే ఉంచుకుంటా, లోన్ నేనే కడతా" అని ఆయన ఒప్పందంలో రాసినా బ్యాంకుకి సంబంధం లేదు, వాళ్ల లెక్కలో చెల్లి ఇంకా బాకీదారే. బ్యాంకు వాళ్లు తన పేరు తీసేస్తూ రాతపూర్వకంగా ఇస్తేనే లెక్క. ఆ కాగితం వచ్చేదాకా సంతకం పెట్టనివ్వలేదు నేను. పసుపు కుంకుమ కింద ఇచ్చిన అర ఎకరానికి పాస్ పుస్తకం, 1బి, అడంగల్ లాంటి రెవెన్యూ రికార్డులు, భూమి మీద లావాదేవీలు చూపించే ఈసీ తీయించాం, అది తన పేరు మీదే ఉందని ఒప్పందంలో స్పష్టంగా రాయించాం.

బంగారం గురించి చెప్పకుండా ఉండలేను. పెళ్లిలో ఇచ్చినవాటికి జాబితా రాసి ఉంచాలని 1985లోనే నిబంధనలు పెట్టారట. పెళ్లిరోజు ఎవరు రాస్తార్రా, మంగళవాయిద్యాల మధ్య? బిల్లులు సగం లేవు. నాన్న ఒక ఆదివారం పొద్దున్నే పెళ్లి ఆల్బమ్ టేబుల్ మీద పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ రాయడం మొదలుపెట్టాడు. జీలకర్ర బెల్లం ఫొటోలో హారం, తలంబ్రాల ఫొటోలో వడ్డాణం, అప్పగింతల ఫొటోలో నాలుగు జతల గాజులు. పక్కనే తన పాత చిట్టా పుస్తకం, ఏది ఎన్ని కాసులో అందులో రాసుకున్నాడు. అప్పగింతల దగ్గర పేజీ తిప్పలేకపోయాడు. ఆ ఫొటోలో చెల్లి నాన్న భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. నేను వెళ్లి పక్కన కూర్చుని, "నువ్వు చెప్పు నాన్నా, నేను రాస్తాను" అన్నాను. మధ్యాహ్నం దాటింది పూర్తయ్యేసరికి. ఆ జాబితా పుణ్యాన రెండు గాజులు తప్ప అన్నీ వచ్చాయి. మీ నాన్నగారితో ఈ పని చేయించొద్దు, నువ్వే చెయ్యి, లేదా ఆల్బమ్ నాకు పంపు, నేను చేస్తాను.

లాయరు ఖర్చు గురించి అక్క భయపడుతోందన్నావు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ఎవరినైనా పెట్టుకోండి, కానీ ఒరిజినల్స్ మాత్రం లాయరు దగ్గర వదిలేయకండి. జిరాక్సులు ఇచ్చి, అడిగిన రోజు ఒరిజినల్స్ పట్టుకెళ్లండి. వకాలత్ (మన తరఫున వాదించమని లాయరుకి ఇచ్చే కాగితం), ఫొటోలు, ఆధార్ జిరాక్సులు, అవన్నీ వాళ్లే చెప్తారు, పెద్ద పని కాదు.

ఇంకోటి, అక్కని ఒంటరిగా ఈ ఫైళ్ల ముందు కూర్చోబెట్టకు. చెల్లి రాత్రిళ్లు ఒక్కతే ఆ కాగితాలన్నీ పరుచుకుని కూర్చునేది, ఒకరోజు నేను మంచినీళ్లకి లేచి చూశాను, హనీమూన్ టిక్కెట్ల జిరాక్స్ చేతిలో పట్టుకుని ఉంది. అవి ఎవరూ అడగలేదు, పాత ఫైల్లో వచ్చాయి. మర్నాటి నుంచి పగలే, నేనూ అమ్మా పక్కనుండగానే తీశాం. గంటసేపు చూసి లేచేవాళ్లం. టీ తాగేవాళ్లం. మిగతాది రేపు.

నీ ఫోన్ పెట్టేశాక అమ్మకి విషయం చెప్పాను. నువ్వేమీ అనుకోకు, అమ్మ దగ్గర దాచలేకపోయాను. విని కాసేపు మాట్లాడలేదు, లేచి లోపలికెళ్లింది. అమ్మ అందరి శుభలేఖలూ దాస్తుంది తెలుసుగా, ఎవరి పెళ్లికి ఎంత చదివించామో వెనకాల రాసుకుంటుంది. రబ్బరు బ్యాండు వేసిన కట్ట తెచ్చి మంచం మీద పోసి, అందులోంచి మీ అక్కది తీసి నా చేతిలో పెట్టింది. 2018, మీ మామయ్య గారి ఊరు, ఉదయం తొమ్మిదింటి ముహూర్తం. వెనకాల అమ్మ రాసిన అంకె ఉంది, చెరపలేదు, అలాగే ఉంచాను. ఈ ఉత్తరంతోపాటు కవర్లో పెట్టి పంపుతున్నాను, మడత పడకుండా అట్టముక్క పెట్టాను. ముందు రెండు జిరాక్సులు తీయించి, తర్వాత అక్కకి ఇవ్వు.

వచ్చే శనివారం రాత్రి బండెక్కుతాను. ఆదివారం అంతా మీ ఇంట్లోనే.

నీ
విజయవాడ వాడు