మన ల్యాబ్ వాట్సాప్ గ్రూపు మళ్లీ తెరవడం లేదు

ఒంగోలులో మన ల్యాబ్ వాట్సాప్ నంబరు ఆగిపోయి చాలామంది ఇబ్బంది పడ్డారు. మెసేజ్‌కు జవాబు రాక చీమకుర్తి నుంచి, కొత్తపట్నం నుంచి బస్సెక్కి రిపోర్టు కోసం వచ్చినవారూ ఉన్నారు. కొత్త నంబరు కౌంటర్ దగ్గరా బిల్లు మీదా ఉంది. అయితే ఊళ్లలోని ఆర్ఎంపీలు, నర్సులు, శాంపిళ్లు తెచ్చే కుర్రాళ్లు, మన టెక్నీషియన్లు కలిసి ఉన్న రిపోర్టుల గ్రూపును మాత్రం మళ్లీ తెరవడం లేదు. కారణం ఏళ్లుగా వస్తున్న మీకు నేనే చెప్పాలి.

ముందు నంబరు సంగతి. రిపోర్టు సిద్ధం కాగానే దానంతట అదే మీ ఫోనుకు వెళ్లే ఏర్పాటును ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు అప్పగించాను. వ్యాపారాల కోసం వాట్సాప్ ఇచ్చే అధికారిక పద్ధతి ఒకటుంది, దానికి విడిగా డబ్బు కట్టాలి. ఆ పద్ధతిలోనే పెట్టమని అడిగాను, దానికే డబ్బు కట్టాను. వాళ్లు మామూలు ఖాతాకే ఏదో ప్రోగ్రాం తగిలించి మెసేజ్‌లు గుప్పించారు. అది వాట్సాప్ నిబంధనలకు విరుద్ధం, అలాంటి ఖాతాలను మూసేస్తారు. మనదీ మూసేశారు. నిలదీస్తే ఆ సంస్థ మనిషి ‘అందరికీ ఇలాగే పెడతాం మేడమ్, కొత్త సిమ్ తీసుకోండి’ అన్నాడు. నంబరు పోయినందుకంటే ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాను. బోర్డు మీద, ప్రతి రిపోర్టు కవరు మీద, మీ అందరి ఫోన్లలో ఉన్న నంబరు అది. వాళ్ల దృష్టిలో అదొక సిమ్. ఆ సంస్థతో లెక్క తెంచుకున్నాను. ఇకపై కౌంటర్‌లోని మనిషే పేరూ నంబరూ సరిచూసి పంపుతారు. కాస్త ఆలస్యమవుతుంది, ఓర్చుకోండి.

నంబరుతో పాటు గ్రూపు కూడా మూగబోయింది. ‘కొత్త గ్రూపు ఎప్పుడు పెడతారు?’ అని ఫోన్లు మొదలయ్యాయి. ఈ ఒక్క విషయం నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆ గ్రూపు వల్ల మేలు జరగలేదని అనను. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు పడిపోతున్న మనిషిని సింగరాయకొండ నుంచి వెంటనే ఒంగోలుకు పంపగలిగారంటే, లెక్క అప్పటికప్పుడు అక్కడి ఫోనులో కనిపించబట్టే. డాక్టర్లు వాట్సాప్ వంటి వాటి ద్వారా రోగులతో సంప్రదించడాన్ని 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా అనుమతించాయి. నాకు వాట్సాప్ మీద కోపం లేదు.

కానీ కొత్తపట్నంలో ఒకరి రిపోర్టును సంతనూతలపాడులో ఇంకొకరు ఎందుకు చూడాలి? 2016 నుంచి వాట్సాప్‌లో మెసేజ్ దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. చేరిన తరువాత? అది ప్రతి సభ్యుడి ఫోనులోనూ పెళ్లి ఫొటోల పక్కన పడి ఉంటుంది, ఆ ఫోను ఇంట్లో పిల్లల చేతుల్లో తిరుగుతుంది. పని మానేసి వెళ్లిన కుర్రాడు కూడా ఎవరూ తీసేదాకా గ్రూపులోనే ఉంటాడు. ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి ఉంటాయి. మనిషి అనుమతి లేకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. చట్టం మాట అటుంచి, పెళ్లికాని అమ్మాయి గర్భ పరీక్ష ఫలితం ఊళ్లో నలుగురి ఫోన్లలో ఉంటే ఆ పిల్ల గతి ఏమిటి?

పైగా గ్రూపులో పెట్టినదానికి బాధ్యులెవరో తేలదు. రక్తంలో పొటాషియం 6.8 వచ్చిందని, అంటే గుండెకే ముప్పని పెడితే, శుభోదయం బొమ్మల మధ్య అది పైకి జరిగిపోతుంది. ఎవరో ఒకరు చూసి ఉంటారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అందుకే ప్రాణం మీదకు వచ్చే అంకె ఏదైనా సరే, ఇక నేనో టెక్నీషియనో డాక్టరుకు ఫోన్ చేసి చెబుతాం. అంకెను తిరిగి చెప్పించుకుని, విన్నవారి పేరూ సమయమూ రిజిస్టరులో రాస్తాం. 2021 అక్టోబరు 4 రాత్రి ప్రపంచమంతా వాట్సాప్ గంటల తరబడి ఆగిపోయినప్పుడు కూడా మామూలు ఫోను పలికింది.

గ్రూపు లేకపోతే శాంపిళ్లు వేరే ల్యాబ్‌కు పంపుతామని కొందరు నేరుగానే అన్నారు. పంపుకోనివ్వండి. రోగి పరువు పణంగా వచ్చే శాంపిల్ నాకు అక్కర్లేదు. నష్టం లెక్క వేసుకునే ఈ మాట రాస్తున్నాను.

మీ రిపోర్టు మీ నంబరుకే, పీడీఎఫ్‌గా వస్తుంది. కాగితాన్ని ఫొటో తీసి పంపం, మసక ఫొటోలో చుక్క కనిపించకపోతే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2 కాస్తా 12 అవుతుంది. డాక్టరుకూ పంపాలంటే ఫారంలో ఆయన నంబరు రాసి సంతకం చేయండి. స్మార్ట్‌ఫోను లేనివారికి, శాంపిల్ తీసుకున్న కుర్రాడే రిపోర్టును అంటించిన కవరులో తెచ్చి ఇస్తాడు, అదనంగా రూపాయి తీసుకోం.

పాత గ్రూపులోని రిపోర్టులు సభ్యుల ఫోన్లలో ఇంకా ఉన్నాయి. వాటిని తీసేయమని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. కొందరు తీసేశామన్నారు. మిగిలినవారికి మళ్లీ మళ్లీ చేస్తాను, విసుక్కున్నా సరే.