పద్మావతి ఘాట్ చూపించిన ఆటో అన్నయ్యకి, బెజవాడలో మాకు తోడున్న అందరికీ

మాది పార్వతీపురం పక్కన ఒక పల్లె. పోయిన నెల అమ్మనీ మా బాబునీ తీసుకుని మొదటిసారి విజయవాడ వచ్చాను. మూడు రోజులున్నాం. ఇంటికి చేరి పది రోజులైనా అమ్మ ఇంకా ఆ మనుషుల గురించే చెబుతోంది. ఈ ఉత్తరం వాళ్ళకి చేరాలని రాస్తున్నాను.

మేం ఎందుకు వచ్చామో ముందు చెప్పాలి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు మా నాన్న ఊరివాళ్ళతో కలిసి బస్సులో వచ్చి స్నానం చేసి వెళ్ళారు. అమ్మ రాలేకపోయింది. అప్పుడు నాకు నెలలు నిండాయి, నా దగ్గరే ఉండిపోయింది. నాన్న తిరిగొచ్చిన మర్నాడే మా బాబు పుట్టాడు. "మళ్ళీ పుష్కరాలు 2028లో. ఈసారి ఇద్దరం కలిసి వెళ్దాం" అని నాన్న అమ్మతో అనేవారు. ఆయన వెళ్ళిపోయి రెండేళ్ళయింది. మిగిలింది ఒక్క ఫొటో. తడి పంచెతో మెట్ల మీద నిలబడి నవ్వుతున్నారు, కాళ్ళ దగ్గర నీళ్ళు. అమ్మకి అమ్మవారి దర్శనం కావాలి, దాంతోపాటు నాన్న నిలబడ్డ ఆ మెట్టు చూడాలి. ఆమె అడిగింది అంతే.

రాయగడ నుంచి గుంటూరు వెళ్ళే రైల్లో తెల్లవారేసరికి దిగాం. మొదటి రోజు ఇంద్రకీలాద్రి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మెట్ల దగ్గరే కూలబడిపోతుందేమోనని నాకు టెన్షన్. క్యూలో ముందున్న ఒక ఆవిడ, ఎవరో తెలియదు, "పిన్నిగారూ, మహామండపం వైపు లిఫ్ట్ ఉంది, రండి" అని తన చోటు వదిలేసి మాతో వెనక్కి వచ్చి చూపించారు. ఆవిడ దర్శనం గంట ఆలస్యమైంది. ఆవిడ పేరు అడగాలన్న ధ్యాసే రాలేదు నాకు. అమ్మా, మీరు ఇది చదివితే మా నమస్కారం.

ఆ సాయంత్రం ఫొటో పట్టుకుని దుర్గా ఘాట్‌కి వెళ్ళాం, తర్వాత పున్నమి ఘాట్‌కి. ఎక్కడా పోలిక కుదరలేదు. కనిపించిన వాళ్ళందరినీ అడిగాను. అమ్మ ఏమీ అనలేదు గానీ రాత్రి అన్నం సగంలో వదిలేసింది.

రెండో రోజు ఉండవల్లి గుహలకని ఒక ఆటో మాట్లాడుకున్నాం. ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్తుంటే మా బాబు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పిపోయాడు. "మొత్తం 70 నాన్నా" అన్నారు ఆటో అన్నయ్య. 1957లో పూర్తయిందనీ, ఇక్కడ ఆపిన నీళ్ళే రెండు వైపులా కాలవల్లో డెల్టా పొలాలకి వెళ్తాయనీ వాడికి చెప్పారు. ఆ మాట విని నేను ఫొటో తీసి చూపించాను.

ఆయన ఆటో పక్కకి ఆపారు. ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి ఒక మూల చూపించారు. "ఇవి రైలు వంతెన గడ్డర్లమ్మా. ఆ వంతెన బ్యారేజీకి దిగువన ఉంది. మీరు నిన్న వెతికిన రెండు ఘాట్లూ ఎగువన. నాన్నగారు బస్సులో వచ్చారన్నారుగా? అయితే బస్టాండు పక్కన పద్మావతి ఘాట్ అయ్యుంటుంది."

నాకు నోట మాట రాలేదు. ఒక రోజంతా తిరిగాం, ఆ ఇనుప గీతలు నా కంటికి ఆననే లేదు.

ఉండవల్లి చూసే తిరిగొచ్చాం. కొండనే నాలుగు అంతస్తులుగా తొలిచిన గుడి, లోపల ఒకే రాతిలో పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామి. అమ్మ మధ్యలో కళ్ళు తిరుగుతున్నాయంటే, కాలేజీ ఆడపిల్లలు నలుగురు చెరో పక్కా పట్టుకుని పైదాకా తీసుకెళ్ళి, మళ్ళీ కిందికి దించారు. పిల్లలూ, చల్లగా ఉండండి.

సాయంత్రం నాలుగింటికి పద్మావతి ఘాట్. ముందు అమ్మ "ఇది కాదేమో" అంది. ఫొటోలో నీళ్ళు మెట్ల మీద ఉన్నాయి, ఇక్కడేమో నది ఎక్కడో ఉంది, మధ్యలో ఇసక. అన్నయ్య చెప్పారు, పుష్కరాలకి నీళ్ళు వదిలారు కాబట్టి అప్పుడు అలా ఉందనీ, గేట్లు ఎత్తని రోజుల్లో దిగువన ఇంతేననీ. పైగా ఆ తర్వాత కృష్ణలంకని వరద ముంచకుండా పెద్ద గోడ కట్టారు, చుట్టుపక్కల రూపే మారిపోయింది. ఆయన ఇల్లు కృష్ణలంకలోనే. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చిన రాత్రి, ఇంట్లో అందరూ మేలుకునే ఉన్నారట. గోడ ఆపింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది.

తర్వాత ఆయన చేసింది నేను ఎప్పటికీ మర్చిపోను. మా బాబుని మెట్ల మీద నిలబెట్టి, ఫోన్ పట్టుకుని, "రెండడుగులు అటు జరుగు నాన్నా, ఒక మెట్టు దిగు" అంటూ ఫొటోలో రైలు వంతెన తాత భుజం పక్కన ఎక్కడ ఉందో, సరిగ్గా అక్కడికి వచ్చేదాకా వాణ్ణి జరిపించారు. అరగంట పట్టింది. దీపాలు అమ్ముకునే ముసలమ్మ కూడా లేచి వచ్చి ఫొటో చూసి, "కాస్త ఇటు" అంది. ఒకచోట వంతెన కుదిరింది.

"మీ నాన్న నిల్చున్నది ఇక్కడేనేటి?" అంది అమ్మ. ఆ మెట్టు మీద కూర్చుంది. చేత్తో రాయి తడుముతూ చాలాసేపు ఉండిపోయింది. ఇసకలో నడిచి నీళ్ళదాకా వెళ్ళలేదు కదా అని, చేపలు పట్టే కుర్రాడొకడు తన చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అమ్మ ఆ నీళ్ళు తల మీద చల్లుకుంది, మా బాబు తల మీదా చల్లింది. ముసలమ్మ ఒక దీపం ఇచ్చి డబ్బులు తీసుకోలేదు.

మూడో రోజు బాపు మ్యూజియం, కొండపల్లి చూశాం. కొండపల్లిలో బొమ్మలు చేసే ఒక అక్క, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఏనుగుకి తొండం ఎలా అతుకుతారో మా వాడి చేతే చేయించారు. తెల్ల పొణికి చెక్క వాడి అరచేతిలో ఎంత తేలికగా ఉందో! ఆ ఏనుగు ఇప్పుడు నాన్న ఫొటో పక్కన ఉంది.

రాత్రి స్టేషన్లో దింపినప్పుడు అన్నయ్య మాట్లాడుకున్న కిరాయే తీసుకున్నారు. ఘాట్ దగ్గర గడిచిన గంటన్నరకి ఇవ్వబోతే, "మా అమ్మని తిప్పితే డబ్బులు తీసుకుంటానా" అన్నారు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

అన్నయ్యా, మా చెట్టు చింతపండు అమ్మ స్వయంగా గింజ తీసి ఐదు కిలోలు కట్టింది. నిన్న ఆర్టీసీ కార్గోలో వేశాను. బస్టాండులో తీసుకోండి. ఒక పొట్లం విడిగా ఉంటుంది, అది దీపాల మామ్మకి.