గోదాములోని డ్రమ్ములు మీవే, బావగారూ

సియాటిల్ నుంచి

బావగారికి నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కయ్య, పిల్లలు, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను. అక్కయ్యతో ప్రతి ఆదివారం మాట్లాడుతున్నా, మీతో మాత్రం ‘బాగున్నారా’ అన్న మాట దాటి ముందుకు వెళ్లక ఇరవై ఏళ్లు కావస్తున్నది. కారణం మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫోనులో నోరు పెగలదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మొన్న అక్కయ్య చెప్పింది, ఈసారి చవితికి మీ ఆర్కెస్ట్రాకు మూడంటే మూడు బయానాలు వచ్చాయని, దసరాకు అవీ లేవని, పందిళ్ల వాళ్లంతా డీజే పెట్టెల వైపు తిరిగిపోయారని, డ్రమ్ముసెట్టు కూడా అమ్ముకోవలసి వచ్చిందని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. షష్ఠి తీర్థాల రోజుల్లో ఒకే రాత్రి రెండు ప్రోగ్రాములు ఒప్పుకుని, పాలకొల్లులో మొదటిది ముగించి, చించినాడ వంతెన మీదుగా రాజోలు చేరి, రెండో పందిట్లో తెల్లవారేదాకా పాడించిన మనిషి మీరు.

అదే రోజుల్లో మా నలుగురి రాక్ బ్యాండు అంబాజీపేటలో నాన్నగారి ఎండుకొబ్బరి గోదాములో సాధన చేసేది. కూలీలు భోజనానికి వెళ్లిన గంటసేపే మాకు దొరికేది. కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము నున్నటి గచ్చు మీద ముందుకు జారిపోకుండా దాని ముందు కొబ్బరి బస్తా ఒకటి అడ్డం పెట్టేవాళ్లం. ఉప్పుగాలికి నా గిటారు తీగలు నెల తిరగకుండానే తుప్పు పట్టేవి. డబ్బు మాత్రం ఏనాడూ రాలేదు. మా డ్రమ్మరుకు ఇంట్లో జరుగుబాటు లేని సమయంలో మీరు పిలిచి చోటిచ్చారు, అతను వచ్చాడు, మా బ్యాండు ఆగిపోయింది. మీరు మా మనిషిని ఎత్తుకుపోయారని నేను పెళ్లి పందిట్లో పదిమంది ముందు అన్నాను. మీరు బదులు చెప్పకుండా చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయారు.

ఈ ఊరికి వచ్చాక నేను తెలుసుకున్న కథ ఒకటి మీకు చెప్పాలి. ఇక్కడ వాషింగ్టన్ సరస్సు ఒడ్డున ఒక శిల్పం ఉన్నది. ఎత్తైన స్తంభాలకు గొట్టాలు అమర్చారు, గాలి వీస్తే అవి వాటంతటవే పలుకుతాయి. మొదటిసారి విన్నప్పుడు ఓడలరేవు సరుగుడు తోటల్లో నిలబడ్డట్టే అనిపించింది. 1984లో ఇక్కడ పుట్టిన సౌండ్‌గార్డెన్ అనే బ్యాండు ఆ శిల్పం పేరునే తన పేరుగా పెట్టుకున్నది. దాని గాయకుడు క్రిస్ కార్నెల్, మదర్ లవ్ బోన్ అనే మరో బ్యాండు గాయకుడు ఆండ్రూ వుడ్ ఒకే ఇంట్లో ఉండేవారు. 1990 మార్చి 19న, తన బ్యాండు ఆల్బం విడుదలకు కొద్ది నెలల ముందు, మాదకద్రవ్యం మోతాదు మించి వుడ్ చనిపోయాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు.

కార్నెల్ బ్యాండు అప్పటికే పెద్ద రికార్డు కంపెనీ చేతిలో ఉన్నది. తన దారిన తాను పోయినా అడిగేవారు లేరు. అతను పోయిన స్నేహితుడి కోసం పాటలు కట్టి, గాయకుణ్ణి పోగొట్టుకుని చెదిరిపోయిన ఆ బ్యాండులోని స్టోన్ గోసార్డ్‌ను, జెఫ్ ఏమెంట్‌ను పిలిచి, తన డ్రమ్మరు మాట్ కామెరాన్‌ను తోడు కూర్చోబెట్టి, ‘టెంపుల్ ఆఫ్ ది డాగ్’ అన్న పేరుతో ఒక్క ఆల్బం చేశాడు. ఆ రోజుల్లోనే గోసార్డ్, ఏమెంట్ కొత్తగా కట్టుకుంటున్న బ్యాండు కోసం శాన్ డీగో నుంచి ఎడ్డీ వెడ్డర్ అనే కుర్రవాడు వచ్చాడు, అతనెవరో ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఒక పాటలో పై స్థాయి, కింది స్థాయి రెండూ తానే పాడలేక కార్నెల్ అవస్థ పడుతుంటే, తమ సాధన వంతు కోసం పక్కన వేచి ఉన్న ఆ కుర్రవాడు మైకు దగ్గరికి వెళ్లి కింది స్థాయి అందుకున్నాడట. కార్నెల్ చిన్నబుచ్చుకోలేదు, రికార్డులోనూ ఆ భాగం అతనిచేతనే పాడించాడు. బావగారూ, కనుమనాడు జగ్గన్నతోటకు వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే గౌరవంగా మిగిలిన రుద్రుల ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపుతారే, ఈ సంగతి చదువుతున్నప్పుడు నాకు అదే కళ్లముందు మెదిలింది.

1991 ఏప్రిల్‌లో ఆ ఆల్బం వచ్చినప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. అదే ఆగస్టులో వెడ్డర్ పాడిన బ్యాండు, పెర్ల్ జామ్, తొలి ఆల్బం వచ్చి, అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడై, కార్నెల్ బ్యాండును ఎక్కడో వెనక వదిలేసింది. 1992లో కంపెనీ ‘టెంపుల్ ఆఫ్ ది డాగ్’ ఆల్బమును మళ్లీ బయటికి తీసి ప్రచారం చేస్తే అదీ పది లక్షలు దాటింది. 1997లో సౌండ్‌గార్డెన్ విడిపోయింది. మరుసటి ఏడాది పెర్ల్ జామ్‌కు డ్రమ్మరు కావలసివస్తే కామెరాన్ వెళ్లి అక్కడ కూర్చున్నాడు. 2010లో సౌండ్‌గార్డెన్ పాతవాళ్లు మళ్లీ కలిసినప్పుడు రెండు చోట్లా వాయించాడు. 1990లో గోసార్డ్ వాళ్లు గాయకుడి కోసం చేసి, వెడ్డర్‌ను ఈ ఊరికి రప్పించిన పాటల క్యాసెట్టులో డ్రమ్ములు వాయించినది కూడా ఈ కామెరానే. మా మనిషి, మీ మనిషి అని అక్కడ ఎవరూ గీత గీసుకోలేదు.

2016 నవంబరులో ఇక్కడి పారమౌంట్ థియేటర్‌లో ఆ ఆల్బం పాటలు మళ్లీ పాడినప్పుడు నేను వెనక వరుసలో ఉన్నాను. ఆర్నెల్లకే, 2017 మే 18న, కార్నెల్ చనిపోయాడు. ఆ రోజే మీకు ఈ ఉత్తరం రాయవలసినది. అభిమానం అడ్డొచ్చి ఊరుకున్నాను.

ఆనాడు మీరు చోటివ్వకపోతే మా డ్రమ్మరు కర్రలు పక్కన పడేసి ఏ కొట్టులోనో పద్దులు రాసుకునేవాడు. ఆ పందిట్లో నేనన్న మాట తప్పు. క్షమించండి.

గోదాము అటక మీద మా డ్రమ్ముసెట్టు, రెండు ఆంప్లిఫయర్లు ఇంకా ఉన్నాయి. వాటిని మీ వ్యానులో వేయించుకుపోండి, ఇక అవి మీ ఆర్కెస్ట్రావి. నేను భోగి ముందురోజుకు వస్తున్నాను. మీకు సమ్మతమైతే మీ ప్రోగ్రాములో ఒక మూల నిలబడి, మీరు చెప్పిన పాటకు గిటారు వాయిస్తాను. మా పాత డ్రమ్మరుకు మీరే కబురు పెట్టండి. నేను పిలిస్తే మొహమాటపడతాడు, మీ మాట కాదనడు.

అటక తాళంచెవి అమ్మ దగ్గర, దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. పెద్ద డ్రమ్ము పెడలుకు స్ప్రింగు విరిగిపోయింది, కొత్తది ఇక్కడినుంచి తెస్తున్నాను. అంతవరకు వాయించవలసివస్తే బస్తా అడ్డం పెట్టడం మరచిపోవద్దని చెప్పండి.

అక్కయ్యకు, పిల్లలకు నా ఆశీస్సులు, నమస్కారములు.

మీ బావమరిది