స్మార్ట్‌వాచీ ఎన్నాళ్లు పనిచేస్తుందో కొనేముందే చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

కొత్త స్మార్ట్‌వాచీలు విడుదలయ్యే రోజుల్లో మీ పత్రికలోనూ మిగతా పత్రికల్లోనూ వాటి వార్తలు వరసగా వస్తుంటాయి. తెర ఎంత పెరిగింది, మందం ఎంత తగ్గింది, ఏయే రంగుల్లో దొరుకుతుంది అన్నీ రాస్తారు. నేను వాటిలో వెతికేవి రెండే. ఈ వాచీకి కంపెనీ ఏ సంవత్సరం దాకా అప్‌డేట్లు ఇస్తుంది? బ్యాటరీ అయిపోతే మార్చే వీలుందా? ఈ రెండూ దాదాపు ఎప్పుడూ కనబడవు.

వాచీలు బాగుచేయడం నా వృత్తి. కీ ఇచ్చే వాచీలతో మొదలుపెట్టి, సెల్ వాచీలు చూసి, ఇప్పుడు స్మార్ట్‌వాచీల దాకా వచ్చాను. విడుదల వార్తలు రాగానే నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు అడిగే మొదటి మాట, "కొని రెండేళ్లయింది, మార్చేయమంటారా?" అని. వాళ్లకు నేను చెప్పేది మీ పాఠకులకూ పనికొస్తుందని రాస్తున్నాను.

కొని ఎన్నేళ్లయిందన్న లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. కీ ఇచ్చే వాచీలో నూనె ఎండిపోతుంది. నాలుగైదేళ్లకోసారి విప్పి, కడిగి, నూనె వేస్తే మళ్లీ నడుస్తుంది. తాత వాచీ మనవడు పెట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. స్మార్ట్‌వాచీ అలాంటిది కాదు. దాని బ్యాటరీకి ఒక ఆయుష్షు, సాఫ్ట్‌వేర్‌కు ఇంకొకటి, మన ఫోన్‌తో దాని పొత్తుకు వేరొకటి. మూడూ ఒకేసారి తీరవు. ఏది తీరిపోయిందో తెలుసుకోకుండా వాచీ మార్చేస్తే బాగున్న వస్తువును పారేసినట్టే.

ముందు బ్యాటరీ సంగతి. వాచీలో ఉండే బ్యాటరీ ఫోన్ బ్యాటరీలో పదో వంతు అటూఇటూగా ఉంటుంది. అందుకే చాలా వాచీలను రోజూ చార్జింగ్ పెట్టాల్సి వస్తుంది. తన వాచీ బ్యాటరీ 1000 సార్లు పూర్తిగా చార్జ్ అయ్యాక కూడా మొదటి సామర్థ్యంలో 80 శాతం దాకా నిలుపుకునేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది. రోజూ పూర్తిగా ఖాళీ చేసి నింపేవాళ్లకు 1000 సార్లంటే మూడేళ్లు కూడా నిండవు. ఆ కంపెనీ చాలా మోడళ్లకు చెప్పే బ్యాటరీ 18 గంటలు. అందులో 80 శాతమంటే పద్నాలుగు గంటల చిల్లర. పొద్దున ఆరింటికి పెట్టుకుంటే రాత్రి ఎనిమిది దాటాక ఆగిపోతుంది. "ఈ మధ్య రాత్రి భోజనం వేళకే చచ్చిపోతోందండీ" అని వాచీ తెచ్చేవాళ్లందరిదీ ఇదే లెక్క. వాచీ పాడవలేదు, బ్యాటరీ అరిగింది, అంతే. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ అని ఉంటే చూసుకోండి. 80 కన్నా తగ్గితే బ్యాటరీ మార్పించాలి. వాచీ సంగతి ఆ తర్వాత.

అది కూడా చేయించే ముందు తెర ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఆప్షన్ ఆపి చూడండి. చాలామందికి దాంతోనే ఇంకో ఏడాది గడిచిపోతుంది. చార్జింగ్ పెట్టేటప్పుడు ఎండ తగిలే కిటికీ దగ్గర, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. లిథియం బ్యాటరీకి వేడి పడదు. రెండు వారాలకోసారి చార్జింగ్ పెడితే చాలనే వాచీలూ ఉన్నాయి. వాటికి ఏడాది మొత్తం మీద పాతికసార్లు పెడితే సరిపోతుంది కాబట్టి బ్యాటరీ అరుగుదల చాలా నెమ్మది. తరచూ వాచీ మార్చడం ఇష్టం లేనివాళ్లు కొనేటప్పుడే ఈ తేడా చూసుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. తెర ఒక అంచున కొంచెం పైకి లేచినట్టు కనబడితే లోపల బ్యాటరీ ఉబ్బిందేమో అని అనుమానించాలి. దాన్ని వేలితో నొక్కి సర్దకండి, చార్జింగ్ పెట్టకండి, తీసి పక్కన పెట్టి తెలిసినవాళ్లకు చూపించండి. 2022 మార్చిలో ఫిట్‌బిట్ కంపెనీ తన అయానిక్ వాచీలను వెనక్కి రప్పించింది బ్యాటరీ వేడెక్కి చర్మం కాలుతోందనే.

మరి బ్యాటరీ మార్పించడం తేలికా అంటే, నా కష్టమంతా అక్కడే. సెల్ వాచీ అయితే వెనక మూత తీసి, సెల్ మార్చి, రబ్బరు రింగు చూసి మూసేయడమే. స్మార్ట్‌వాచీలో చాలావాటికి తెరను జిగురుతో అతికిస్తారు. వేడి చేసి, జిగురు మెత్తబడ్డాక పల్చటి బ్లేడు దూర్చి, ఊపిరి బిగబట్టి లేపాలి. కొంచెం లోతుగా దిగిందంటే తెరకూ బోర్డుకూ మధ్య ఉన్న సన్నటి కేబుల్ తెగుతుంది. అది తెగితే వాచీ పోయినట్టే. బ్యాటరీ మార్చి మళ్లీ అతికించాక మునుపటిలా నీళ్లు ఆపుతుందని మాట ఇవ్వలేను. ఇవ్వను కూడా. అసలు నీళ్లను తట్టుకునే గుణం ఎప్పటికీ ఉండేది కాదనీ, కాలం గడిచేకొద్దీ తగ్గుతుందనీ కంపెనీలే చెబుతాయి. ఇవన్నీ ఒక ఎత్తు, విడిభాగాలు దొరకకపోవడం ఇంకో ఎత్తు. ఇంకోలా తయారుచేయలేరా అంటే చేయగలరు. గూగుల్ మొదటి పిక్సెల్ వాచీకి పగిలిన తెర కూడా మార్చే ఏర్పాటు లేదు. 2025లో వచ్చిన పిక్సెల్ వాచ్ 4కి తెర, బ్యాటరీ రెండూ మార్చుకునే వీలు పెట్టారు. ఒకరు చేయగలిగింది మిగతావాళ్లు ఎందుకు చేయరు?

ఈ మధ్య ఒక పెద్దావిడ వాచీ తెచ్చారు. చార్జింగ్ ఎక్కడం లేదట, గుండె వేగం అంకెలు ఇష్టం వచ్చినట్టు వస్తున్నాయట. కొడుకు అప్పటికే కొత్తది చూసి పెట్టాడు. "పాతది ఎవరికైనా పనికొస్తుందేమో చూడు బాబూ" అన్నారు. తిప్పి చూస్తే వెనక అద్దం మీద ఎండిన చెమట, క్రీము కలిసి పొర కట్టాయి. చార్జింగ్ పిన్నుల చుట్టూ పచ్చగా చిలుము. మెత్తటి బ్రష్షుతో పిన్నులు శుభ్రం చేసి, తడిగుడ్డతో అద్దం తుడిచి, ఆరబెట్టి చార్జర్ మీద పెట్టాను. గుర్తు వెలిగింది. స్ట్రాప్ ఒక రంధ్రం బిగించి పెట్టుకోమన్నాను. "అమ్మా, వెనక పచ్చ లైటు వెలుగుతుంది చూడండి. అది చర్మంలోకి వెళ్లి, రక్తం ఎంత వెలుగును పీల్చుకుందో చూసి గుండె వేగం లెక్క కడుతుంది. వాచీ వదులుగా ఉంటే బయటి వెలుతురు దూరి లెక్క తప్పుతుంది" అని చెప్పాను. ఆవిడ అదే వాచీ పెట్టుకుని వెళ్లారు. సెన్సర్ పాడైందని నా దగ్గరికి వచ్చే వాచీల్లో చాలావాటికి కావలసింది ఈ శుభ్రమే.

ఇక సాఫ్ట్‌వేర్. ఇది నా చేతిలో లేనిది, కొన్నవాళ్ల చేతిలో అసలే లేనిది. ఆపిల్ తొలి వాచీ 2015లో వచ్చింది. అందులో 18 క్యారెట్ల బంగారు కేసుతో కూడా ఒక రకం అమ్మారు. ఆపిల్ వాచీలను నడిపే సాఫ్ట్‌వేర్ పేరు వాచ్‌ఓఎస్. 2018లో వచ్చిన వాచ్‌ఓఎస్ 5 దానికి రాలేదు. కేసు బంగారంది కదా అని ఒక్క అప్‌డేట్ కూడా ఎక్కువ ఇవ్వలేదు. అంతకన్నా నన్ను బాధపెట్టేది సిరీస్ 3 సంగతి. 2017లో వచ్చిన ఆ మోడల్‌ను 2022 దాకా కొత్తదిగానే అమ్మారు. అదే 2022లో వచ్చిన వాచ్‌ఓఎస్ 9 దానికి ఇవ్వలేదు. అంటే ఆ ఏడాది మొదట్లో కొన్నవాళ్లకు ఏడాది తిరక్కముందే పెద్ద అప్‌డేట్లు ఆగిపోయాయి. కాబట్టి మీరు కొన్న తేదీ నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన తేదీ నుంచి ఏళ్లు లెక్కపెట్టండి. తగ్గింపులో దొరికిందని మూడేళ్ల కిందటి మోడల్ కొంటే దాని ఆయుష్షులో మూడేళ్లు ముందే ఖర్చయిపోయాయన్నమాట. సామ్‌సంగ్ గెలాక్సీ వాచ్ 4కి నాలుగేళ్లన్నారు, గూగుల్ తొలి పిక్సెల్ వాచీకి మూడేళ్లన్నారు. ముందే చెప్పారు, అది మంచిదే. అంకె మాత్రం చిన్నది.

అప్‌డేట్లు ఆగిన మర్నాడే వాచీ ఆగిపోదు. టైము చూపిస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది. మెల్లగా యాప్‌లు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తాయి, భద్రతా లోపాలు సరిచేసేవాళ్లు ఉండరు. వాచీతో డబ్బు చెల్లించేవాళ్లు, మెసేజ్‌లు చూసుకునేవాళ్లు ఆ దశలో మార్చుకోవాలి. నడక లెక్కకు మాత్రమే వాడేవాళ్లు కంగారు పడనక్కర్లేదు. కంపెనీయే లేకుండా పోవడం ఇంకో రకం. పెబుల్ వాచీలు తయారుచేసిన సంస్థ ఆస్తులను 2016 డిసెంబరులో ఫిట్‌బిట్ కొనుక్కుంది. 2018 జూన్ చివర సర్వర్లు ఆపేశారు. ఆ వాచీలను ఇష్టపడినవాళ్లు రెబుల్ పేరుతో కూడి సొంతంగా ఆ సేవలు నడిపించారు. వాళ్ల వల్లే ఎన్నో వాచీలు బతికాయి. వాళ్లకు మా వృత్తివాళ్ల తరఫున దండం పెట్టాలనిపిస్తుంది.

ఫోన్ మార్చేటప్పుడు కూడా ముందు వాచీని గుర్తుచేసుకోండి. ఆపిల్ వాచీ ఆండ్రాయిడ్ ఫోన్‌తో కలవదు. 2021లో గెలాక్సీ వాచ్ 4 నుంచి సామ్‌సంగ్ వాచీలు ఐఫోన్‌తో కలవడం మానేశాయి. ఫోన్ కొన్నాక ఈ సంగతి తెలిసి, ఏ లోపమూ లేని వాచీ నాకిచ్చి వెళ్లినవాళ్లున్నారు.

కొత్త మోడల్‌లో కొత్త సదుపాయాలుంటాయి కదా అంటారు. ఉంటాయి. 2018లో ఆపిల్ సిరీస్ 4కు ఈసీజీ, కిందపడితే గుర్తించే ఏర్పాటు వచ్చాయి. 2020లో సిరీస్ 6కు రక్తంలో ఆక్సిజన్ చూడటం వచ్చింది. గుండె లయ తప్పుతోందని డాక్టరు గమనించమన్నవాళ్లు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు నా లెక్కలేవీ పట్టించుకోకండి. అవసరమైన సదుపాయం ఉన్న వాచీ ఇవాళే తీసుకోండి. మిగతావాళ్లు మాత్రం ఒక మోడల్‌కూ పక్క మోడల్‌కూ నిజంగా ఎంత తేడా ఉందో చూడాలి. సిరీస్ 6, 7, 8 మూడింటి చిప్‌లలో ఉన్నది ఒకే ప్రాసెసర్. మూడేళ్లు పేర్లు మారాయి, పనిచేసే వేగం మారలేదు. ఇంకో విషయం, కొత్త సదుపాయానికి ప్రతిసారీ కొత్త వాచీ అక్కర్లేదు. రక్తపోటు ఎక్కువగా ఉండే సూచనలు కనబడితే హెచ్చరించే సదుపాయం 2025లో వచ్చింది. 2023 నాటి సిరీస్ 9కు కూడా సాఫ్ట్‌వేర్ ద్వారానే ఇచ్చారు. అది హెచ్చరిక మాత్రమే, రక్తపోటు కొలిచే పరికరానికి బదులు కాదన్నది గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ చూసి, ప్రత్యేక అవసరం లేనివాళ్లకు నేనిచ్చే సలహా ఒక వాచీని నాలుగైదేళ్లు వాడమని. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్పించండి. కొనేటప్పుడు ఆ ఏటి మోడలో, కిందటి ఏటిదో తీసుకోండి. పాతది ఇంట్లో ఇంకొకరికి ఇస్తే, ముందు మీ ఫోన్ నుంచి విడదీసి ఖాతా తీసేయండి. లాక్‌లో ఉన్న వాచీని నేను కూడా తెరవలేను. పూర్తిగా పోయినదాన్ని చెత్తబుట్టలో వేయకండి. నలిగిన లిథియం బ్యాటరీ చెత్తబండిలో మంట పెడుతుంది. ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.

కొనేవాళ్లు ఇంత వెతుక్కోవలసిన పని లేకుండా చేయవచ్చు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలైన చట్టం ప్రకారం ఇంటర్నెట్‌తో కలిసే వస్తువులు తయారుచేసేవాళ్లు కనీసం ఎప్పటిదాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తారో ప్రకటించాలి. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ అప్‌డేట్లు, విడిభాగాల నిబంధనలు పెట్టింది. అందులో వాచీలు లేవు. అక్కడే 2027 ఫిబ్రవరి 18 నుంచి పరికరాల్లోని బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలన్న నియమం వస్తోంది. నీళ్లలో తడిసేందుకే చేసిన కొన్నిటికి మాత్రం ఆ పని నిపుణులు చేయగలిగితే చాలని సడలింపు ఉంది. వాచీలకు ఆ సడలింపు ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. నిపుణుడికైనా తెరవడానికి దారి ఉంటే, బ్యాటరీ దొరికితే, మిగతా పని మేం చూసుకుంటాం. ఫోన్లకు పెట్టిన నిబంధనలు వాచీలకూ పెట్టాలని ప్రభుత్వాలను అడగాలి.

చట్టాలు వచ్చేలోగా మీ చేతిలో ఉన్నది ఒకటి కోరుతున్నాను. కొత్త వాచీ గురించి రాసే ప్రతి వార్త కింద మూడు వివరాలు వేయండి: మోడల్ విడుదలైన నెలా సంవత్సరమూ, కంపెనీ మాట ఇచ్చిన ఆఖరి అప్‌డేట్ సంవత్సరం, బ్యాటరీ మార్చే వీలుందా లేదా. కంపెనీ చెప్పకపోతే "చెప్పలేదు" అనే అచ్చు వేయండి. తగ్గింపు అమ్మకాల వార్తల్లో అయితే మొదటి వివరం తప్పనిసరిగా ఉండాలి, పాత మోడళ్లు ఎక్కువగా అమ్ముడయ్యేది అప్పుడే కాబట్టి.

ఇట్లు,
వాచీలు బాగుచేసే ఒక పాఠకుడు