అరెస్టు కారణం అర్థమయ్యే భాషలో రాసివ్వండి

ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి గారికి,

నమస్కారం. ముంబయి కారు ప్రమాదం కేసు ఒకదానిలో 2025 నవంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ఈ లేఖ. దాని ప్రకారం ఏ నేరమైనా సరే, అరెస్టు చేసిన మనిషికి కారణాలు రాసివ్వాలి, అదీ అతనికి అర్థమయ్యే భాషలో. అప్పటికప్పుడు కుదరకపోతే నోటితో చెప్పవచ్చు. కానీ రిమాండ్ కోసం మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం అందాలి. అందకపోతే ఆ అరెస్టూ, రిమాండూ చెల్లవు.

రాజ్యాంగం 22వ అధికరణంలో ఈ హక్కు 1950 నుంచీ ఉంది. కారణం తెలపాలని అందులో ఉందే గాని, ఎలాగో లేదు. అందుకే "చెప్పాం సార్" అంటే సరిపోయేది. 2023లో మనీలాండరింగ్ కేసులో, 2024లో ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులో కోర్టు రాతపూర్వకంగా ఇచ్చి తీరాలంది. 'దర్యాప్తు కోసం', 'సాక్ష్యాలు చెరపకుండా' వంటి అందరికీ అతికే మాటలు చాలవనీ, ఈ మనిషి ఏం చేశాడని పట్టుకున్నారో రాయాలనీ రెండో తీర్పు తేల్చింది. పేరూ డబ్బూ ఉన్నవాళ్లు పోరాడి తెచ్చుకున్న ఈ రక్షణ చిల్లర దొంగతనం కేసులో ఇరుక్కున్న కూలీ దాకా రావడానికి 75 ఏళ్లు పట్టింది!

దొంగలు తప్పించుకుంటారని మీ అధికారులు అనవచ్చు. కాగితం ఇచ్చి లోపం సరిదిద్దుకుని మళ్లీ రిమాండ్ అడగవచ్చని అదే తీర్పులో ఉంది. ఆ రెండు గంటలు నిందితుడి లాయరు కాగితం చదివి, రిమాండ్ ఎందుకు వద్దో చెప్పుకోవడానికి.

కాబట్టి అడిగేది ఇది. ప్రతి స్టేషన్‌కూ తెలుగు నమూనా పంపండి. అందులో కారణాల చోట ముందే అచ్చేసిన వాక్యాలు వద్దు, ఖాళీ వదలండి. కాగితం ఇచ్చిన టైము రాసి సంతకం తీసుకోవాలి. మన్యంలో సవర, కోయ మాట్లాడేవాళ్లకూ, ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీలకూ తెలుగు కాగితం సరిపోదు. అనువాదకుల జాబితా జిల్లా ఎస్పీల దగ్గర ఉండాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, ఒక ప్రతి ఇంటివాళ్లకూ ఇవ్వాలి.

తీర్పు ప్రతిని అన్ని రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకూ పంపమని కోర్టే ఆదేశించింది. దాని మీద మీ శాఖ సర్క్యులర్ ఇప్పటికే ఇచ్చి ఉంటే, పోలీసు వెబ్‌సైటులో తెలుగులో పెట్టించండి. ఇవ్వకపోతే, ఎప్పుడిస్తారో చెప్పండి.

ఇట్లు,
ఒక పౌరుడు