ఒక చెయ్యి ఎప్పుడూ పాపదే

ఏమే బంగారం,

నిన్న ఫోన్ పెట్టేశాక చాలాసేపటి దాకా నీ గొంతే వినిపిస్తూ ఉంది. "బీరువా నిండా బట్టలున్నాయి, ఒక్కటీ పట్టడం లేదు, ఇంకో రెండు వారాల్లో ప్రయాణం, ఏం వేసుకుని బయల్దేరాలే?" అన్నావు. నేను నోరు తెరిచే లోపే పాప లేచింది, నువ్వు వెళ్లిపోయావు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. ఒకేసారి చదవక్కర్లేదు. పాప పాలు తాగుతున్నప్పుడల్లా కాస్త కాస్త చదువుకో.

ముందు ఆ జీన్స్ సంగతి. తొడిగి చూసుకుని ఏడ్చానన్నావు కదా. కాన్పయ్యాక నీకిప్పుడు పదకొండో వారం. గర్భసంచి ఒక్కటే తన మామూలు సైజుకి రావడానికి దాదాపు 6 వారాలు తీసుకుంటుంది. పొట్ట కండరాలు బిగుసుకోవడానికి ఇంకా ఎక్కువే పడుతుంది. పాలిస్తున్నన్నాళ్లూ ఛాతీ కొలత ఎలాగూ పాతది కాదు. అంటే ఆ బీరువాలో ఉన్నవి ఇప్పటి నీ కొలతకి కుట్టినవి కావు, అంతే. వాటిని మడిచి, ఒక సంచిలో వేసి, పై అరలో పెట్టెయ్. రోజూ కంటబడకూడదు. నేను ఆ పని నాలుగో నెల దాకా చెయ్యలేదు. ప్రతి పొద్దునా బీరువా తలుపు తీయడం, పాతవి ఒకటి రెండు వేసి చూడటం, మనసు చివుక్కుమని మళ్లీ అదే నైటీలోకి దూరడం. అప్పుడు నాకెవరూ ఈ మాట చెప్పలేదు. నీకు నేను చెబుతున్నాను.

అలాగని "ఎలాగూ తగ్గుతాను, అప్పుడు కొనుక్కుంటాను" అని మీ ఆయన టీషర్టుల్లో రోజులు నెట్టుకురావద్దు. ఈ రోజున్న ఒంటికి సరిగ్గా పట్టేవి నాలుగు జతలుంటే చాలు, కానీ అవి నీ కోసం నువ్వు ఎంచుకున్నవై ఉండాలి. రాత్రంతా మేలుకున్న మనిషి పొద్దున్నే మొహం కడుక్కుని, భుజాల దగ్గర చక్కగా నిలిచే ఒక మంచి కుర్తీ వేసుకుంటే ఆ రోజు నడకే వేరుగా ఉంటుంది. అద్దంలో నువ్వు నీలా కనబడటం చిన్న విషయం కాదే. దాన్ని ఎవరైనా షోకు అంటే అననీ.

ఇక అసలు మాట. ఏ డ్రెస్ చూసినా, ఎంత ముచ్చటేసినా, ఒక్క పరీక్ష పెట్టు. దీన్ని ఒంటి చేత్తో తెరవగలనా, పాలిచ్చి మళ్లీ మూయగలనా? ఇకమీదట నీ రెండు చేతుల్లో ఒకటి ఎప్పుడూ పాపదే. వీపు మీద జిప్పున్నది ఈ పరీక్షలో పోతుంది. ముత్యాల్లాంటి చిన్న చిన్న గుండీలు వరసగా పన్నెండు ఉన్నదీ పోతుంది. ప్రెస్ బటన్లు, ముందువైపు జిప్పు, కాస్త పెద్ద గుండీలు నెగ్గుతాయి. ట్రయల్ రూమ్‌లో నీ హ్యాండ్‌బ్యాగ్‌ని పాపని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వేసి చూడు. అక్కడే తెలిసిపోతుంది.

నాకు ఇది ఎలా తెలిసిందో నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. మావాడికి మూడు నెలలప్పుడు మొదటిసారి విమానం ఎక్కాం. చాలా రోజుల తర్వాత బయటికి వెళ్తున్నానని ఎంచి ఎంచి ఒక పొడవాటి ఆకుపచ్చ గౌను వేసుకున్నాను. దానికి వీపున జిప్పు. ఎక్కేముందు కడుపునిండా పాలిచ్చాను కాబట్టి దిగేదాకా అడగడనుకున్నాను. విమానం కిందికి దిగడం మొదలైంది, సీటు బెల్టు లైటు వెలిగింది, వాడు గుక్కపట్టాడు. దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి పసిపిల్లలకి చెవులు నొప్పెడతాయి. మనలాగా కావాలని ఆవలించి సరిచేసుకోవడం వాళ్లకి చేతకాదు. పాలు తాగుతుంటే ఆ గుటకలకి నొప్పి సర్దుకుంటుంది. అదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? బెల్టు నడుం మీద బిగించి ఉంది, గౌను కిందనుంచి పైకి రాదు, జిప్పు నాకు అందదు. మావారు నన్ను పక్కకి తిప్పి జిప్పు సగం లాగి, పైన చున్నీ కప్పి, ఒక భుజం మీంచి గౌను జార్చేసరికి చక్రాలు నేలకి తగిలాయి. వాడి ఏడుపు, నా ఒళ్లంతా చెమట, వాడికి నొప్పెడుతుంటే ఏం చెయ్యలేకపోయానన్న బాధ, ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది.

కాబట్టి నువ్వు విమానం ఎక్కే రోజు బెల్టు పెట్టుకుని ఉండగానే తెరుచుకునేది వేసుకో. పైదీ కిందదీ వేరువేరుగా ఉండాలి, లేదా నడుం పైభాగంలో ముందువైపు తెరుచుకోవాలి. ఇంట్లో కుర్చీలో కూర్చుని, నడుం చుట్టూ ఒక బెల్టు బిగించుకుని, పాపకి ఒకసారి పాలిచ్చి చూడు. ఇది మాత్రం నా కోసం తప్పకుండా చెయ్యి.

దీనికి ఫీడింగ్ కుర్తీ అని పేరున్నవే కొనాలని లేదు. లోపల బాగా సాగే స్లిప్ ఒకటి, పైన కాస్త వదులు టాప్ ఒకటి వేసుకో. పైది పైకి ఎత్తు, లోపలిది కిందికి లాగు. పొట్టా నడుమూ కప్పే ఉంటాయి, ఏసీ చలి తగలదు, పక్కసీటు వాళ్లకి ఏమీ తెలియదు. పుట్టిన కొత్తలో పిల్లలు రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు. నీ పాప ఇప్పుడు కొంచెం తగ్గించినా ప్రయాణంలో కొత్త చోటు, కొత్త చప్పుళ్లు అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. అడిగినప్పుడల్లా గది వెతుక్కునే పని లేకపోవడం ఎంత హాయో నువ్వే చూస్తావు.

నీకు బాగా నప్పుతుందని నాకు గట్టిగా అనిపించేది ర్యాప్ డ్రెస్. ఒక పక్క మీద ఇంకో పక్క వేసి నడుం దగ్గర కట్టుకునేది. ఈ డ్రెస్‌కి అంత పేరు తెచ్చింది డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ అనే ఫ్యాషన్ డిజైనర్. 1974లో తీసుకొచ్చింది, మెత్తగా ఒంటిమీద జారే జెర్సీ బట్టతో. అప్పటికి ఆవిడ ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ఆ సంగతి తెలిశాక ఆ డ్రెస్ మీద నాకు ఇష్టం ఇంకా పెరిగింది. పాలివ్వడానికి ముడి విప్పక్కర్లేదు, మెడ దగ్గర అంచు పక్కకి జరిపితే చాలు. ఈ నెల కొంచెం వదులుగా కట్టుకుంటావు, వచ్చే నెల ఇంకాస్త బిగిస్తావు, అదే డ్రెస్ నీతోపాటు మారుతుంది. వంగినప్పుడు మెడ దగ్గర తెరుచుకోకుండా లోపల ఒక ప్రెస్ బటన్ కుట్టించుకో.

రంగుల దగ్గర అందరూ పొరబడతారు. పాలు కారి తడిస్తే లేత బూడిద, లేత నీలం బట్టల మీద గుండ్రటి మచ్చ దూరానికే కనబడుతుంది. పోనీ నలుపు వేసుకుందామంటే, పాప భుజం మీద పాలు కక్కి అది ఆరాక తెల్లటి చారలు. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, కుంకుమ రంగు లాంటి వాటి మీద చిన్న చిన్న పూలో, చుక్కలో, ఆకులో ఒత్తుగా ఉన్న ప్రింట్ తీసుకో. తడీ కనబడదు, చారా కనబడదు, పైగా ఫొటోల్లో కళగా ఉంటుంది. పాల మరక పడితే వెంటనే చల్లనీళ్లతో కడుగు. వేడినీళ్లు పోస్తే మాంసకృత్తులు గట్టిపడి మరక బట్టకి పట్టేస్తుంది.

బట్ట విషయానికొస్తే, అచ్చం నూలు ఒంటికి మంచిదే, కానీ ఉతికితే ఆరడానికి టైం పడుతుంది, ముడతలూ పడుతుంది. లినెన్ చల్లగా ఉంటుంది గానీ ఒక గంట ఒళ్లో పాపని పెట్టుకుని కూర్చుంటే నలిగిపోతుంది. ఆ నలగడం నీకు అందంగానే అనిపిస్తే వేసుకో, నాకు అనిపించదు. పాలియెస్టర్ గబగబా ఆరుతుంది, చెమట వాసన మాత్రం వదలదు. ప్రసవం తర్వాత కొన్ని వారాలు హార్మోన్లు తగ్గి రాత్రిళ్లు చెమటలు పోస్తాయి కదా, ఆ రోజుల్లో అయితే పాలియెస్టర్ అసలు వద్దు. నాకు మోడల్ అనే బట్ట బాగా కలిసొచ్చింది. బీచ్ చెట్టు గుజ్జుతో చేస్తారు దాన్ని. కాస్త స్పాండెక్స్, అంటే సాగే దారం, కలిసిన మోడల్ టాప్ పెట్టెలో చుట్టి పెట్టినా ఇస్త్రీ అడగదు. ఇంకోటి, పాప బుగ్గ రోజంతా నీ భుజానికీ గుండెకీ ఆనుకునే ఉంటుంది. కొనేముందు ఆ చోట నీ బుగ్గ పెట్టి రుద్ది చూసుకో. జరీ, పూసలు, గరుకు లేసు, చమ్కీలు ఇప్పటికి పక్కన పెట్టు.

లోపలివాటి దగ్గర పిసినారితనం చెయ్యకే. బ్రా బిగుతుగా ఒకేచోట నొక్కుతుంటే పాలు నిలిచి గడ్డలు కట్టి నొప్పి చేస్తుంది. ఇప్పటి కొలతతో మంచివి మూడు తీసుకో, ఒకటి ఒంటిమీద, ఒకటి ఉతుకులో, ఒకటి సంచిలో. కొక్కెం ఒంటి చేత్తో తియ్యగలగాలి. పాలు పీల్చడానికి బ్రాలో పెట్టుకునే ప్యాడ్‌లు తడవగానే మార్చు, తడిగా వదిలేస్తే చర్మం ఒరుసుకుపోతుంది.

నీకు సిజేరియన్ ఆపరేషన్ కదా, నడుం పట్టీ కుట్టు మీద పడకూడదు. బొడ్డు పైకి వచ్చే, వెడల్పాటి మెత్తని పట్టీ ఉన్న ప్యాంటు తీసుకో. నిలబడి వేసి చూస్తే సరిపోదు, కూర్చుని, వంగి చూడు. కుట్టు దగ్గర ఇంకా తిమ్మిరిగా ఉందన్నావు కాబట్టి ఒరుసుకుంటున్నా నీకు వెంటనే తెలియకపోవచ్చు, ఆ జాగ్రత్త కూడా ఉండాలి. ప్యాంటుకి జేబులు ఉండి తీరాలి. ఫోన్, టికెట్, చేతిరుమాలు పట్టేంత లోతైనవి. జేబు లేని ప్యాంటు ఎంత బాగున్నా నేను ఇప్పుడు ముట్టుకోవడం లేదు.

చెప్పులు ఊరికే కాలు దూర్చి వెళ్లిపోయేవే. బేబీ క్యారియర్‌లో పాప ఉంటే వంగి లేసులు కట్టుకోలేవు. గర్భంతో ఉన్నప్పుడు పాదాలు పెరిగి కొందరికి అలాగే ఉండిపోతాయి, పాత సైజు అని గుడ్డిగా కొనకు. విమానంలో గంటలకొద్దీ కూర్చుంటే ఉబ్బుతాయి కూడా. ప్రసవం అయ్యాక కొన్ని వారాలు కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. మొదటి 6 వారాలు దాటేశావు, అయినా బిగుతు మేజోళ్లు అవసరమా అని మీ డాక్టర్‌ని ఒక మాట అడుగు.

ఒక పెద్ద పలచటి నూలు స్టోల్ తప్పక పట్టుకెళ్లు. పాలిచ్చేటప్పుడు కప్పుకోవడానికి, ఏసీ చలికి, పాపని పడుకోబెట్టడానికి అన్నిటికీ అదే. సాదా టాప్ మీద మెడ చుట్టూ వేసుకుంటే తయారైనట్టే ఉంటావు. కానీ ఎండ తగులుతోందని దాన్ని పాప బండి మీద పూర్తిగా కప్పెయ్యకు, లోపల గాలి ఆడక వేడెక్కిపోతుంది. వేలాడే చెవిపోగులు, పొడుగు గొలుసులు ఇంట్లో ఉంచు, పాప పట్టుకుని లాగుతుంది. చిన్న దిద్దులు, జుట్టు బిగించి వేసిన జడ, నీకిష్టమైన ఆ ముదురు లిప్‌స్టిక్. ఆ లిప్‌స్టిక్ మానెయ్యకు సుమా, అది లేకపోతే నువ్వు నువ్వులా ఉండవు.

సర్దుకోవడం తేలిక. కింది భాగానికి ఒకే రంగువి రెండు, వాటి మీదకి వెళ్లే టాపులు నాలుగు, ర్యాప్ డ్రెస్ ఒకటి. ఏది దేనితో వేసినా కుదరాలి. చేతిసంచిలో పాపకి మూడు జతలు పెడతావు, నాకు తెలుసు. నీకు కూడా ఒక టాప్, ఒక స్లిప్ జిప్ కవర్‌లో పెట్టుకో. నేను వాడికే పెట్టుకుని నాకు పెట్టుకోలేదు. వాడు భుజం నుంచి నడుం దాకా కక్కాడు, మిగతా దారంతా ఆ తడితో, ఆ పులిసిన వాసనతోనే కూర్చున్నాను. విప్పినవి వేసుకోవడానికి ఆ కవరే పనికొస్తుంది.

రేపు నీకు ఒక పార్సిల్ పంపుతున్నాను. నేను మావాడికి పాలిచ్చినన్నాళ్లూ వేసుకున్న ముదురు నీలం కుర్తీ, తెల్ల చుక్కలది, నువ్వు చూసి బాగుందన్నదే. రెండు వైపులా జేబులున్నాయి. ఉతికి ఉతికి బాగా మెత్తబడింది, పాప బుగ్గకి హాయిగా ఉంటుంది. పైనుంచి రెండో గుండీ కొంచెం వదులైంది, నేను బిగించి కుట్టాను గానీ బయల్దేరే ముందు నువ్వూ ఒకసారి లాగి చూసుకో. వేసుకున్నాక ఫొటో పంపు, పాపని చంకనేసుకునే.

నీ
నేను