ఆటోనగర్ మేస్త్రీ గారికి కృతజ్ఞతలు

మా పాత అంబాసిడర్ ముందు సస్పెన్షన్, బ్రేకులు విప్పి కట్టడంలో దగ్గరుండి సాయం చేసి, పేరు మాత్రం రాయొద్దన్న విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ గారికి మనసారా కృతజ్ఞతలు.

టోర్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగుల్లా పనిచేసే ఇనుప కడ్డీలు) ఊడదీయకముందే కుడి, ఎడమ గుర్తులు పెట్టించారు. ఒకవైపు మెలికి అలవాటుపడ్డ బార్‌ను రెండోవైపు వేస్తే విరిగే ప్రమాదం ఉంది. సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల (తొడుగుల) నట్లకు చివరి బిగింపు మాత్రం బండి చక్రాల మీద నిలిచాకే! జాకీ మీద ఉండగా బిగిస్తే, కిందికి దించాక రబ్బరు మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. చాలామంది వదిలేసేది ఇదే.

వీల్ సిలిండర్ కప్పులను (చక్రాల బ్రేకుల్లో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ముక్కలను) పెట్రోలుతో కడగనివ్వలేదు, ఉబ్బిపోతాయని. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడిగించారు. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడం, మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే భాగానికి) దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టించారు. ఇంత ఓపికగా నేర్పినందుకు మీకు నమస్కారం గురువుగారూ.